పదిహేను రోజుల ట్రైనింగ్‌తో థెరపిస్ట్‌నయ్యాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది చిత్తూరు. బీఎస్సీ అయ్యాక రెండేళ్లుగా తిరుపతిలో ఒక పిల్లల థెరపీ సెంటర్‌లో పని చేస్తున్నాను. చేరినప్పుడు పదిహేను రోజులు సీనియర్ పక్కన కూర్చోబెట్టారు, అంతే. ఇప్పుడు రోజుకు తొమ్మిది మంది పిల్లలను చూస్తున్నాను. స్పీచ్, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ), బిహేవియర్ అన్నీ నేనే. జీతం పదకొండు వేలు. పిల్లలతో ఉండటం నాకు చాలా ఇష్టం. ముఖ్యంగా సొంతంగా అన్నం తినడం, బట్టలు వేసుకోవడం నేర్పిస్తుంటే టైమే తెలీదు. పుత్తూరు నుంచి ఒకామె నాలుగేళ్ల బాబును తీసుకుని రోజూ బస్సులో వస్తుంది. “ఎప్పుడు మాట్లాడతాడు మేడమ్?” అని అడిగితే, మా సార్ చెప్పమన్నట్టు “ఆరు నెలల్లో మాట్లాడతాడు” అని చెప్పాను. ఎనిమిది నెలలైంది, బాబు ఇంకా మాట్లాడలేదు. ఆమె ముఖం చూడాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఆన్‌లైన్‌లో మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉందంట, ఫీజు 35 వేలు. అది చేస్తే సరిపోతుందా? లేకపోతే ఈ పనే మానేయాలా? ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నారు. ఏం చేయాలో చెప్పండక్కా.

జవాబు:

చెల్లీ,

ఆ 35 వేలు కట్టొద్దు. ముందు ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి కోర్సులవాళ్లు “ఈ రోజే లాస్ట్ డేట్” అని రోజూ ఫోన్ చేస్తుంటారు. పని మానేయాలా అన్నదానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు లేదు. నిదానంగా చదువు.

నీ ఉత్తరంలో నన్ను బాగా కలవరపెట్టింది “అన్నీ నేనే” అన్న మాట. థెరపిస్ట్ అన్నది ఒక్క ఉద్యోగం పేరు కాదమ్మా. మాట, వినికిడి, మింగడం చూసేవాళ్లు బీఏఎస్‌ఎల్‌పీ అనే కోర్సు చదువుతారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. చేతి పట్టు, తినడం, బట్టలు వేసుకోవడం, శబ్దాన్నీ స్పర్శనూ తట్టుకోలేక చెవులు మూసుకోవడం, ఇలాంటివి ఆక్యుపేషనల్ థెరపిస్టు చూస్తారు. ఆ కోర్సు ఇన్నాళ్లూ నాలుగున్నరేళ్లు, కొత్త సిలబస్‌లో ఐదేళ్లు. బిగుసుకుపోయిన కండరాలు, నడక ఫిజియోథెరపిస్టు పని. తెలివితేటల పరీక్షలు క్లినికల్ సైకాలజిస్టో రిహాబిలిటేషన్ సైకాలజిస్టో చేయాలి. చదువు, రోజువారీ పనులు, బడికి సిద్ధం చేయడం స్పెషల్ ఎడ్యుకేటర్ చేతిలో ఉంటాయి. ఇంతమంది ఏళ్ల తరబడి చదివి చేసే పనిని పదిహేను రోజులు చూపించి నీ ఒక్కదాని నెత్తిన పెట్టారు. అందులో నీ తప్పు తక్కువే. కానీ నీకు అనుమానం వచ్చింది చూడు, ఇక ఇక్కడి నుంచి బాధ్యత నీదే.

దీనికి చట్టం కూడా ఉంది. 1992లో పార్లమెంటు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం చేసింది. అందరూ ఆర్‌సీఐ అంటారు. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ టీచర్లు, క్లినికల్ సైకాలజిస్టులు దీని కిందికి వస్తారు. ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న కోర్సు పాసై, సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకుంటే సీఆర్‌ఆర్ నంబర్ వస్తుంది. ఆ నంబర్ లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఓటీ, ఫిజియో ఈ చట్టంలో లేవు. వాటితో పాటు మరికొన్ని వైద్య అనుబంధ వృత్తులకు 2021లో వేరే జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. నువ్వు చెప్పిన మూడు నెలల సర్టిఫికెట్‌ను ఫ్రేమ్ కట్టి గోడకు తగిలించుకోవచ్చేమో గానీ, దాంతో సీఆర్‌ఆర్ నంబర్ రాదు.

జైలు మాట నిన్ను భయపెట్టడానికి చెప్పలేదు. నన్ను చదువుకు పంపింది కూడా చట్టం మీద భయం కాదు. ఒక పాప.

నేనూ నీలాగే సరైన ట్రైనింగ్ లేకుండానే ఈ పనిలోకి వచ్చాను. అప్పుడు నా దగ్గరికి ఆరేళ్ల పాప వచ్చేది. పూసలు గుచ్చించేదాన్ని. నాలుగైదు పూసలు చకచకా ఎక్కించి, దారం చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయేది. నేను బల్ల మీద తట్టేదాన్ని, చప్పట్లు కొట్టేదాన్ని, పేరు పెట్టి పిలిచేదాన్ని. ఫైల్‌లో “శ్రద్ధ తక్కువ” అని రాసేదాన్ని. ఐదు నెలలు అదే రాశాను. ఒకరోజు వేరే ఊరి నుంచి ఒక సీనియర్ మేడమ్ వచ్చి గంటసేపు మూలన కూర్చుని చూశారు. ఏమీ మాట్లాడలేదు, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. అయిపోయాక ఒక్కటే అడిగారు, “ఆగినప్పుడు పాప కనురెప్పలు చూశావా?” నేను ఎప్పుడూ చేతినీ పూసలనూ చూశానే తప్ప కళ్ల వైపు చూడలేదు. మర్నాడు చూశాను. రెప్పలు సన్నగా అదురుతున్నాయి. పది సెకన్లు. తర్వాత ఏమీ జరగనట్టు అదే పూస తీసి గుచ్చింది.

అవి ఫిట్స్ చెల్లీ. కింద పడి కొట్టుకునే రకం కాదు, ఊరికే కొన్ని సెకన్లు ఆగిపోయే రకం. ఈఈజీ అనే మెదడు పరీక్ష తీశారు, మందులు మొదలుపెట్టారు. వాళ్లమ్మ నన్ను తిట్టలేదు. “ఐదు నెలలుగా మీ దగ్గరే ఉంది కదమ్మా” అని మాత్రం అంది. ఆ మరుసటి ఏడాదే నేను కోర్సులో చేరాను.

ట్రైనింగ్ అంటే పుస్తకంలో డెఫినిషన్లు బట్టీ పట్టడమే అనుకునేవాళ్లకు ఇదే చెబుతాను. ఎక్కడ చూడాలో నేర్పిస్తారు. మన పక్కన ఒకరు కూర్చుని మనల్ని చూస్తారు, మన తప్పు మనకే చూపిస్తారు. రికార్డు చేసిన వీడియో పాఠం ఆ పని చేయలేదు.

కొన్ని పనుల్లో తప్పు జరిగితే వెనక్కి తీసుకోలేం. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం) ఉన్న బిడ్డకు తల వెనక్కి వాల్చి గబగబా ముద్ద పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దగ్గు వస్తే తెలుస్తుంది, కానీ కొందరికి దగ్గు కూడా రాదు. బిగుసుకుపోయిన కాళ్లను బలవంతంగా విడదీసి “ఎక్సర్‌సైజ్” చేయిస్తే నొప్పితో పాటు దెబ్బ కూడా తగలొచ్చు. మీ సెంటర్‌లో ఈ రెండు పనులూ నీ చేత చేయిస్తుంటే ఈ రోజు నుంచే ఆపెయ్. కోర్సు, జీతం సంగతి తర్వాత. ఈ ఒక్క విషయంలో ఎవరేమన్నా వినొద్దు.

ఇప్పుడు నీకేది సరిపోతుందో చూద్దాం. తినడం, బట్టలు వేసుకోవడం నేర్పిస్తుంటే టైమే తెలీదన్నావు. డిగ్రీ ఎలాగూ ఉంది. నాకైతే నువ్వు స్పెషల్ ఎడ్యుకేటర్‌గా వెళ్లడమే బాగుంటుందనిపిస్తోంది. డిగ్రీలో యాభై శాతం మార్కులుంటే రెండేళ్ల స్పెషల్ బీఈడీ చేయొచ్చు. అందులో మేధో వైకల్యం, ఎదుగుదల లోపాల విభాగం తీసుకో. ఆటిజం పిల్లలు కూడా అందులోకే వస్తారు. ఇంటర్‌తో ఆగిపోయినవాళ్లకు రెండేళ్ల స్పెషల్ డీఈడీ ఉంది. నీ తోటి అమ్మాయిలెవరైనా ఉంటే చెప్పు.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. పాతవాళ్లు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో నేను మొదట చెప్పే పేరు అదే. తిరుపతి నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటావు. చెన్నై దగ్గర ముట్టుకాడులో ఎన్‌ఐఈపీఎండీ అనే జాతీయ సంస్థ ఉంది, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలున్న పిల్లల కోసం 2005లో మొదలైంది. నీకు చెల్లెళ్లో తమ్ముళ్లో ఇంటర్ బైపీసీ చదువుతూ ఈ పని మీద ఇష్టం ఉన్నవాళ్లుంటే, చిత్తూరు నుంచి గంట దారిలో ఉన్న వేలూరు సీఎంసీలో ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ రెండూ ఉన్నాయి. స్పీచ్‌కైతే మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ పేరు దేశమంతా తెలుసు. దగ్గర్లో వేరే కాలేజీ ఏదైనా చెబితే, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరం మూడూ కలిసి ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టు. కాలేజీకి గుర్తింపు ఉండి, ఆ కోర్సుకు ఉండకపోవచ్చు. ఇంకో మాట అడుగు: “ప్రాక్టికల్స్ ఎక్కడ? ఏ స్కూల్లో? ఎన్ని రోజులు? పక్కన ఎవరుంటారు?” దీనికి తడబడితే ఆ కాలేజీ వద్దు.

రెండేళ్లు ఏం నేర్పిస్తారని అడుగుతావేమో. ముందు అసెస్‌మెంట్. మన దేశంలో మన పిల్లల కోసమే తయారు చేసిన సాధనాలున్నాయి. మద్రాసులో పుట్టిన ఎండీపీఎస్‌లో 18 విభాగాలు, 360 అంశాలు ఉంటాయి. తినడం, స్నానం, డబ్బు లెక్క, ఇంటి పని దాకా బిడ్డ ఏది చేయగలడు, ఏది చేయలేడు అని రాసుకుంటూ పోతాం. సికింద్రాబాద్ సంస్థ తయారు చేసిన ఐఎస్‌ఏఏ అనే ఆటిజం స్కేలులో 40 అంశాలు. వీటితో బిడ్డ ఇప్పుడెక్కడున్నాడో తెలుస్తుంది. ఆ తర్వాత ఆ బిడ్డకు ప్రత్యేకంగా ప్లాన్ రాస్తాం, ఐఈపీ అంటారు. “మాట్లాడాలి” అని గోల్ రాయరు. “దాహమైనప్పుడు గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తీసి అమ్మ చేతికి ఇవ్వాలి, పదిసార్లలో ఎనిమిదిసార్లు” అని రాస్తారు. మొదటిది కోరిక, రెండోది లెక్కపెట్టగలిగే పని.

ఇక నేర్పే పద్ధతి. నువ్వు రోజూ చేసే పనే తీసుకుందాం, నిక్కరు వేసుకోవడం. నువ్వెలా నేర్పిస్తున్నావో నేను ఊహించగలను. నిక్కరు చేతికిచ్చి “వేసుకో నాన్నా, కాలు పెట్టు, ఇంకో కాలు” అంటావు. వాడు రెండో కాలు కూడా అదే బొక్కలో పెడతాడు, ఏడుస్తాడు, నువ్వే వేసేస్తావు. నేనూ అలాగే చేసేదాన్ని. చివరి నుంచి మొదలుపెట్టి చూడు. రెండు కాళ్లూ నువ్వే దూర్చు, తొడల పైదాకా లాగు. మిగిలిన ఆ జానెడు మాత్రం వాడి చేత లాగించు. నువ్వు ఎదురుగా కూర్చోకు, వాడి వెనక మోకాళ్ల మీద కూర్చుని వాడి చేతుల మీద నీ చేతులు వెయ్. ఎదురుగా ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, పైగా వాడు నీ ముఖం చూస్తాడే గానీ నిక్కరు చూడడు. జానెడు లాగగానే పని పూర్తయింది, నిక్కరు వేసుకున్నది వాడే. అది బాగా వచ్చాక తొడల మధ్య దాకానే నువ్వు లాగు. తర్వాత మోకాళ్ల దాకా. తర్వాత చీలమండల దాకా. సాయం కూడా అలాగే తగ్గిస్తూ పో. మొదట చేయి మీద చేయి, తర్వాత మోచేతి దగ్గర చిన్న తాకిడి, తర్వాత వేలితో చూపించడం, చివరికి ఏమీ చేయకుండా ఆగడం. ఆ ఆగడమే కష్టం. మన నోరు ఊరుకోదు. మనసులో ఐదు లెక్కపెట్టుకో.

ఏ రోజు ఏ సాయంతో ఎన్నిసార్లు చేశాడో కాగితం మీద రాసుకో. “ఈ రోజు బాగా చేశాడు” అని రాస్తే నెల తర్వాత అది ఎవరికీ అక్కరకు రాదు.

మరో విషయం, ఏబీఏ (ప్రవర్తన మీద పనిచేసే ఒక థెరపీ పద్ధతి) పేరుతో “ఇంటర్నేషనల్ ఆర్‌బీటీ సర్టిఫికెట్” (బిహేవియర్ టెక్నీషియన్ సర్టిఫికెట్) అని 40 గంటల కోర్సులు అమ్ముతున్నారు. ఆ సర్టిఫికెట్ ఇచ్చేది అమెరికాలోని బోర్డు. 2023 నుంచి అది మన దేశంలో ఉండేవాళ్ల దరఖాస్తులు తీసుకోవడం లేదు. కోర్సులో నాలుగు మంచి మాటలు నేర్చుకోవచ్చేమో, కానీ వాళ్లు పేరు చెప్పి అమ్మే ఆ సర్టిఫికెట్ మాత్రం నీకు రాదు.

మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. చిత్తూరు వైపు ఇళ్లలో అమ్మ తెలుగు మాట్లాడుతుంది, నాయనమ్మ తమిళం, బడిలో ఇంగ్లీషు. మాట రాని బిడ్డను తీసుకొస్తే చాలా సెంటర్లలో “ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి” అని చెబుతున్నారు. ఆ తల్లికి వచ్చిందే నాలుగు ఇంగ్లీషు ముక్కలు. “కమ్, సిట్, ఈట్” తప్ప రోజంతా బిడ్డతో మాటే లేకుండా పోతుంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకు మాట ఆలస్యమవుతుందని తేలలేదు. ఇంట్లో వాళ్లకు ఏ భాషలో లాలించడం, కోప్పడటం, కథ చెప్పడం వస్తుందో ఆ భాషే ఉండాలి. నీ కార్డుల మీద ఆపిల్, ఇగ్లూ బొమ్మలుంటే పక్కన పెట్టు. ఇడ్లీ, చెనిక్కాయలు, బిందె, చెప్పులు, బస్సు ఫొటోలు తీసి అంటించు. చెనిక్కాయలు ఒలిపించడం కంటే వేళ్లకు మంచి పని నాకింతవరకు కనబడలేదు, గింజ గొంతులో ఇరుక్కోకుండా పక్కనే ఉండాలి అంతే.

కోర్సులో చేరేలోపు ఆరేడు నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా పని మానేయమని నేను చెప్పను, నీకు ఆ జీతం కావాలి, పిల్లలకు నీ ఓపిక కావాలి. కానీ పద్ధతి మార్చాలి. మీ సార్‌ను కూర్చోబెట్టి మూడు విషయాలు అడుగు. నా పేరు పక్కన థెరపిస్ట్ అని రాయొద్దు, అసిస్టెంట్ అని రాయండి. నెలకు రెండుసార్లైనా రిజిస్టర్ అయిన స్పీచ్ థెరపిస్టునో ఓటీనో పిలిపించి ప్రతి బిడ్డకు ప్లాన్ రాయించండి, నేను దాని ప్రకారం చేస్తాను. ఇన్ని నెలల్లో నయమవుతుందని తల్లిదండ్రులకు నేను చెప్పను. ఆయన ఒప్పుకుంటే ఆ కొన్ని నెలలు నీకు మంచి శిక్షణే. మూడో దానికి ఒప్పుకోకపోతే అక్కడ ఉండకు.

వీలైతే ఒక పూట మీ మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వెళ్లి చూడు. ఇవి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద నడుస్తాయి, అక్కడి ఐఈఆర్‌టీలు, అంటే ఈ పిల్లలకు నేర్పే టీచర్లు, నువ్వు చేయబోయే కోర్సు చేసినవాళ్లే. రేపు నీ ఉద్యోగం కూడా అలాంటిదే కావచ్చు. వినికిడి లేని పసిపిల్లలతో తల్లులను కూడా కూర్చోబెట్టి నేర్పించే టీటీడీ శ్రవణం ప్రాజెక్టు తిరుపతిలోనే ఉంది. తల్లికి నేర్పడం ఎలాగో అక్కడ చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

సంబంధాల గురించి ఒక్క మాట. వచ్చినవాళ్లకు “రెండేళ్లు చదువుంది, తర్వాత ఈ పనే చేస్తాను” అని ముందే చెప్పించు. పెళ్లయ్యాక ఒప్పించుకుందాంలే అనుకోవద్దు.

ఇక పుత్తూరు తల్లి.

ముందు ఫైల్ తీసి చూడు, బాబుకు వినికిడి పరీక్ష చేయించారా? మాట రాని ఏ బిడ్డకైనా మొట్టమొదట చేయాల్సింది అదే. బెరా అంటారు, బిడ్డ నిద్రపోతుండగా చేస్తారు. “పిలిస్తే తిరుగుతాడు, టీవీ పాటకు గంతులేస్తాడు, వినపడుతుంది” అని వదిలేయకండి. కొన్ని శబ్దాలు వినపడి కొన్ని వినపడని పిల్లలుంటారు. చేయించకపోతే రేపే చెప్పు. జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా డీఈఐసీ అని సత్వర చికిత్స కేంద్రం ఉంటుంది. ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను అక్కడ ఉచితంగా చూస్తారు.

తర్వాత ఆమెను కూర్చోబెట్టి నిజం చెప్పు. తల వంచుకుని కాదు, ఆమె వైపు చూస్తూ. “అమ్మా, ఆరు నెలల్లో మాట్లాడతాడని నేను చెప్పకూడదు. అలా ఎవరూ చెప్పలేరు. తప్పయింది. వినికిడి చూపిద్దాం, రిజిస్టర్ అయిన స్పీచ్ థెరపిస్టు చేత ఒకసారి పూర్తిగా చూపిద్దాం. మాట వచ్చేలోపు తనకు కావాల్సింది అడగడం నేర్పిద్దాం.” కార్డులు వాడితే మాట రాదేమో అని ఆమె భయపడుతుంది, అందరూ భయపడతారు. కార్డు వల్ల మాట ఆగదు, అడగడం అనే అలవాటు వస్తుంది. వైకల్య ధ్రువపత్రం వచ్చాక, బాబుది ఆటిజమో మేధో వైకల్యమో అయితే, నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఖర్చు తిరిగొస్తుంది, అందులో థెరపీకి కూడా కొంత భాగం ఉంది. ఇది ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆమె ఏడవొచ్చు. కోప్పడి రావడం మానేయొచ్చు కూడా. అయినా చెప్పు. ఆమెను ఇంకొకటి అడుగు: పుత్తూరు నుంచి వచ్చే బస్సులో బాబు ఏం చేస్తాడు? కిటికీ వైపు లాగుతాడా, పక్కవాళ్ల చేతిలోది చూపిస్తాడా, దిగాల్సిన చోటు వస్తే లేచి నిలబడతాడా? ఎనిమిది నెలల్లో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండరు. ఆమె చెప్పినవన్నీ తేదీ వేసి ఫైల్‌లో రాసుకో. స్పీచ్ థెరపిస్టు వచ్చిన రోజు మొదట అడిగేది అదే.